మహమ్మారిని సాగనంపే రథాలు: క్యోటో గియోన్ ఉత్సవం

జపాన్ పూర్వ రాజధాని క్యోటోలో ఏటా జూలై 1 నుంచి 31 దాకా నెలంతా సాగే గియోన్ మత్సురి ఆ దేశపు వేసవి పండుగలన్నిటిలో పేరెన్నికగన్నది. ఒసాకాలోని తెన్‌జిన్ ఉత్సవంతోను, టోక్యోలోని కాండా ఉత్సవంతోను కలిపి దీన్ని జపాన్ మూడు మహోత్సవాలలో ఒకటిగా లెక్కిస్తారు. మత్సురి అంటే పండుగ. గియోన్ అనేది నగరానికి తూర్పున, కొండల అంచున వెలసిన యసకా ఆలయానికీ, దాని చుట్టూ ఉన్న పేటకూ పాత కాలం నుంచి ఉన్న పేరు. ఈ ఆలయం జపనీయుల స్వదేశీ మతమైన షింతోకు చెందినది. ఉత్సవ దేవతలు ఈ ఆలయం వారే అయినా, ప్రపంచమంతా చూడవచ్చే 34 రథాలు మాత్రం ఆలయానివి కావు. నగరం నడిబొడ్డున ఉన్న కొన్ని వీధులవారివి. ఒక్కో రథం ఒక్కో వీధి ఉమ్మడి ఆస్తి కావడం, దాన్ని కట్టడం, లాగడం, విప్పి భద్రపరచడం ఆ వీధివారి వంశపారంపర్య బాధ్యత కావడం ఈ పండుగ చరిత్రకు మూలసూత్రం. యుద్ధాలు, అగ్నిప్రమాదాలు, ప్రభుత్వాజ్ఞలు పలుమార్లు అడ్డుపడినా ఉత్సవం వెయ్యేళ్లకు పైగా నిలవడానికి కారణం ఆ సూత్రంలోనే కనిపిస్తుంది.

తెగులు పుట్టించిన పండుగ

క్యోటో మూడు వైపుల కొండలు చుట్టుముట్టిన పల్లపు నేల మీద ఉంది. 794లో ఇక్కడ రాజధాని వెలసిన తరువాత జనం కిక్కిరిశారు. మురుగు పోయే దారి సరిగా లేదు. వానాకాలంలో కమో నది పొంగి బావులను, వీధులను ముంచెత్తేది. ఆ వెంటనే వచ్చే ఉక్కపోతలో విరేచనాలు, జ్వరాలు, మశూచి వంటివి ప్రబలేవి. రోగానికి సూక్ష్మజీవులు కారణమని తెలియని ఆ కాలంలో, అన్యాయంగా చంపబడిన వారి ఆత్మలు పగతో తిరుగుతూ తెగుళ్లు తెస్తున్నాయని రాజాస్థానమూ, సామాన్య జనమూ కూడా నమ్మేవారు. ఇలాంటి పగపట్టిన ఆత్మలను గోర్యో అంటారు. కమ్ము చక్రవర్తి తమ్ముడు సవారా రాకుమారుడు 785లో ఒక హత్య కుట్రలో నిందితుడై, అన్నపానాలు మానివేసి, ప్రవాసానికి తీసుకుపోతుండగా దారిలోనే మరణించాడు. ఆ తరువాత రాజకుటుంబానికీ రాజధానికీ కలిగిన అనర్థాలను అతని ఆత్మకే అంటగట్టారు.

863లో రాజాస్థానం స్వయంగా పూనుకొని, షిన్సెన్‌ఎన్ అనే రాజోద్యానంలో సవారాతో సహా ఆరుగురి ఆత్మలను శాంతింపజేసే సభ జరిపి, మామూలుగా ప్రవేశం లేని ఆ తోట తలుపులు ప్రజలకు తెరిచింది. ఆరేళ్ల తరువాత 869లో మళ్లీ తెగులు చెలరేగినప్పుడు, నాటి జపాన్‌లోని 66 రాష్ట్రాలకు గుర్తుగా 66 బల్లేలను అదే తోటలో నిలబెట్టి, గియోన్ ఆలయ దేవతలను పల్లకీలలో అక్కడికి తరలించి పూజించారని సంప్రదాయం చెబుతుంది. గియోన్ ఉత్సవం తన పుట్టుకను ఈ సంవత్సరం నుంచే లెక్కించుకుంటుంది. ఈశాన్య జపాన్‌ను మహా భూకంపం, దానితో వచ్చిన సునామీ ముంచెత్తిన సంవత్సరం కూడా 869 కావడం వల్ల, ఆ కాలపు జనం ఎంత భయంలో బతికారో ఊహించవచ్చు. తెగులు వచ్చినప్పుడు మాత్రమే జరిపే ఈ శాంతి 970 నుంచి ఏటేటా జరిపే ఉత్సవంగా స్థిరపడిందని చెబుతారు.

జేతవనం నుంచి వచ్చిన పేరు

గియోన్ అనే పేరుకు భారతదేశంతో నేరు సంబంధం ఉంది. శ్రావస్తి నగరంలో అనాథపిండికుడనే శ్రేష్ఠి జేత రాకుమారుని నుంచి కొని బుద్ధునికి సమర్పించిన జేతవన విహారాన్ని జపాన్ బౌద్ధ గ్రంథాలు గియోన్ షోజా అని పిలిచాయి. ఆ విహారానికి కావలి దైవంగా భావించబడిన గోజు తెన్నో, అంటే ఎద్దు తల గల దేవరాజు, క్యోటోలోని ఈ ఆలయంలో ప్రధాన దైవంగా పూజలందుకున్నందువల్ల ఆలయానికి గియోన్ అనే పేరు నిలిచింది. తెగులును తెచ్చేవాడూ, తిప్పి పంపేవాడూ ఈ దేవుడే. క్రమంగా ఈయనను జపాన్ పురాణాలలోని ఉగ్రదైవం సుసానోతో ఒకటిగా భావించారు. 1868లో మెయిజీ ప్రభుత్వం బౌద్ధాన్ని, షింతోను బలవంతంగా వేరుచేసినప్పుడు ఎద్దు తల దేవుని పేరును అధికారికంగా తొలగించి, ఆలయానికి యసకా అనే పేరు పెట్టి, సుసానోనే ప్రధాన దైవంగా ప్రకటించారు. ప్రభుత్వాజ్ఞతో ఆలయం పేరు మారింది గాని, పండుగ పేరును మాత్రం జనం వదులుకోలేదు.

ఈ దేవుని గురించి చెప్పుకునే కథ ఒకటి పండుగ ఆచారాలన్నిటికీ ఆధారంగా ఉంది. దారి నడిచి అలసిపోయిన దేవుడు ఒక రాత్రి ఆశ్రయం కోరగా, ధనవంతుడైన కోతన్ షోరాయి కాదు పొమ్మన్నాడు. అతని సోదరుడు, నిరుపేద అయిన సోమిన్ షోరాయి గడ్డి పరుపు వేసి, కొర్రల అన్నం పెట్టి ఆదరించాడు. ఆ ఆతిథ్యానికి మెచ్చిన దేవుడు, రెల్లు గడ్డితో పేనిన చుట్టను నడుముకు కట్టుకుని తాము సోమిన్ సంతతి అని చెప్పుకున్న వారిని తెగులు తాకదని వరమిచ్చాడు. ఈనాటికీ ఉత్సవ దినాలలో దాదాపు ప్రతి రథం వద్దా చిమాకి అనే రక్ష దొరుకుతుంది. చిమాకి అంటే నిజానికి ఆకులో చుట్టి ఉడికించే ఒక పిండివంట. పండుగలో ఇచ్చేది మాత్రం తినే వస్తువు కాదు, వెదురు జాతి ఆకులను సన్నని శంకువులుగా చుట్టి కట్టగా కట్టి, సోమిన్ షోరాయి సంతతి వారమని రాసిన చీటీ తగిలించిన తోరణం. క్యోటో గృహస్థులు దాన్ని వీధి గుమ్మం పైన కట్టి ఏడాదంతా ఉంచి, మరుసటి ఏడు కొత్తది తెచ్చుకుంటారు.

వీధుల చేతికి వచ్చిన ఉత్సవం

మొదట్లో రాజాస్థానం, ఆలయం కలిసి జరిపిన ఈ ఉత్సవం 14వ శతాబ్ది నాటికి నగర వర్తకుల, చేతిపనివారి అండతో కొత్త రూపు దిద్దుకుంది. పట్టు, వస్త్రాల వ్యాపారంతో సంపన్నమైన షిజో, మురొమాచి, షిన్‌మాచి వీధుల వారు దేవతల పల్లకీలకు తోడుగా సొంత రథాలను అలంకరించి ఊరేగించసాగారు. వీధి అంటే ఇక్కడ కేవలం దారి కాదు. దారికి ఇరుపక్కలా ఎదురుబొదురుగా ఉన్న ఇళ్లన్నీ కలిసిన చో అనే స్వపరిపాలన విభాగం, తన కట్టుబాట్లను తానే రాసుకుని, కావలి, మంటల నివారణ, పంచాయితీ అన్నీ తానే చూసుకునే సంఘం.

1467లో మొదలైన ఓనిన్ యుద్ధం పదేళ్లపాటు క్యోటోను బూడిద చేయడంతో ఊరేగింపు ఆగిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా గడిచాక 1500లో దాన్ని వీధులవారే తిరిగి నిలబెట్టుకున్నారు. రథాల వరుస విషయంలో తగవులు రాకుండా చీట్లు తీసి క్రమం నిర్ణయించే పద్ధతి కూడా ఆ ఏడే మొదలైంది. 1533లో జరిగిన సంఘటన మరింత ముఖ్యమైనది. మతవర్గాల మధ్య ఘర్షణల కారణంగా షోగున్ ప్రభుత్వం, అంటే సేనాధిపతి పాలన, ఆలయ ఉత్సవాన్ని ఆపివేయమని ఆజ్ఞాపించగా, దైవకార్యం జరగకపోయినా తమ రథాలను మాత్రం నడిపించుకోనివ్వాలని వీధుల ప్రతినిధులు ఆలయానికి విన్నవించుకున్నారు. రథోత్సవం దేవాలయ కార్యానికి అనుబంధంగా పుట్టినా అప్పటికే ప్రజల సొంత హక్కుగా మారిందనడానికి చరిత్రకారులు ఈ విన్నపాన్నే నిదర్శనంగా చూపుతారు. 16వ శతాబ్ది చివర తోయోతోమి హిదెయోషి నగరాన్ని పునర్నిర్మించినప్పుడు, రథాలు లేని వీధులు రథాలున్న వీధులకు ఖర్చులో సాయపడే ఏర్పాటు స్థిరపడి, ఉత్సవ భారం నగరమంతటా పంచుకోబడింది.

మేకు లేని కట్టడం

ఈ రథాలన్నిటినీ కలిపి యమబోకో అంటారు. యమ అంటే కొండ, హోకో అంటే బల్లెం. రెండూ రెండు తరహాల రథాలు. యమ రథాల మీద సాధారణంగా ఒక పైన్ చెట్టును నిలబెట్టి, దాని కింద ఏదో ఒక కథను కళ్లకు కట్టే బొమ్మలను అమరుస్తారు. ఆ కథలు జపాన్, చైనా గాథల నుంచి వచ్చినవి: తల్లి ఆకలి చూడలేక కన్నబిడ్డనే పూడ్చబోయి బంగారు కుండను కనుగొన్న గువో జూ, తల్లి కోరిందని మంచులో వెదురు మొలకలు వెదికిన మెంగ్ జోంగ్, కవయిత్రి ఇజుమి షికిబు మనసు గెలవడానికి రాజభవనం నుంచి ఎర్రని ప్లమ్ పూలకొమ్మ దొంగిలించిన యసుమాసా వంటివారు వాటిలో కనిపిస్తారు. మరొక రథం మీద ఒక గొల్లభామ పురుగు బొమ్మ కూర్చుని, తీగలు లాగిన కొద్దీ ముంగాళ్లు, రెక్కలు ఆడిస్తుంది. రథాలన్నిటిలో కదిలే యంత్రబొమ్మ ఉన్నది ఇదొక్కటే. గర్భవతిగా ఉండి సముద్రయానం చేసిందని చెప్పే జింగు రాణి బొమ్మను మోసే పడవ ఆకారపు రథం వద్ద, ఆ బొమ్మకు చుట్టిన నడికట్టును సుఖ ప్రసవం కోరే స్త్రీలకు ఇస్తారు.

హోకో రథం వీటికంటే చాలా పెద్దది. నేల నుంచి నిలువు స్తంభం కొస దాకా సుమారు 25 మీటర్ల ఎత్తు, మనుషులతో కలిపి సుమారు 12 టన్నుల బరువు, మనిషిని మించిన ఎత్తున, దాదాపు 2 మీటర్ల అడ్డుకొలత గల నాలుగు కొయ్య చక్రాలు దీని ప్రమాణాలు. 40, 50 మంది రెండు మోకులు పట్టి లాగుతారు. రథం పైఅంతస్తులో దాదాపు అంతే మంది వాద్యకారులు ఇరుక్కుని కూర్చుంటారు. పైన నిలిచిన స్తంభం 869లో నిలబెట్టిన బల్లేల వారసత్వం. ఊరంతా తిరుగుతున్న తెగులు దయ్యాలు దాని మెరుపుకూ, రథపు సొగసుకూ, సంగీతానికీ ఆకర్షింపబడి దాని మీదకు చేరుతాయని పాత నమ్మకం. అందుకే ఊరేగింపు ముగిసి వీధికి తిరిగి చేరగానే రథాన్ని ఆ పూటే విప్పడం మొదలుపెడతారు. ఎంత అందంగా కట్టితే అంత బాగా తెగులును పట్టగలదు, ఎంత త్వరగా విప్పితే అంత త్వరగా దాన్ని వదిలించుకోగలరు.

ఈ కట్టడంలో ఇనుప మేకులు వాడరు. విడివిడి దూలాలను గడ్డి తాళ్లతో బిగించి కట్టే పద్ధతిని నవగారమి, అంటే తాళ్ల ముడి, అంటారు. తాడు కట్టు గనుక చక్రాలు గతుకుల మీద పడినప్పుడు కలిగే కుదుపుకు చట్రం కొంచెం సాగి సర్దుకుంటుంది. మేకులు కొట్టి బిగించి ఉంటే అదే కుదుపుకు కొయ్య చీలేది. ముడులు కూడా పని కోసం మాత్రమే కాక చూపు కోసం కూడా కట్టబడి, సీతాకోకచిలుక వంటి ఆకారాలు తీరుతాయి. చట్రం కట్టేవారు, కప్పు నిలిపే వడ్రంగులు, చక్రాలు బిగించి నడిపేవారు మూడు వేర్వేరు వృత్తి బృందాలుగా ఉంటారు. చట్రం పూర్తయ్యాక దాన్ని నేల మీద పడుకోబెట్టి, పొడవైన స్తంభాన్ని అమర్చి, తాళ్లతో లాగి నిటారుగా నిలబెట్టే ఘట్టాన్ని చూడటానికి వీధి వీధంతా గుమిగూడుతుంది.

రథాల మీద నాలుగు దిక్కుల నేత

రథాలను కదిలే ప్రదర్శనశాలలని పిలవడం క్యోటోలో పరిపాటి. అందుకు ప్రధాన కారణం వాటి నాలుగు పక్కలా వేలాడదీసే వస్త్రాలు. సంపన్న వర్తకుల వీధులు పోటీపడి చైనా పట్టు, పర్షియా, మధ్యాసియా తివాచీలు, క్యోటోలోని నిషిజిన్ నేతగాళ్ల పనితనంతో పాటు యూరప్ చిత్రవస్త్రాలను కూడా సేకరించాయి. కన్‌కో అనే రథానికి 1718లో సమర్పించిన తెర 16వ శతాబ్దంలో బెల్జియంలో నేసినది. దాని మీద ఉన్నది బైబిల్ ఆదికాండంలో ఇస్సాకుకు వధువును వెదకబోయిన సేవకునికి రిబ్కా నీళ్లు పోసే దృశ్యం. 1614 నుంచి క్రైస్తవాన్ని నిషేధించి, విశ్వాసులను శిక్షిస్తున్న దేశంలో ఈ చిత్రం ఏటా నడివీధిలో ఊరేగడం, అది అర్థం తెలియని విదేశీ వింతగానే చెలామణి అయిందని సూచిస్తుంది. గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌లోని ట్రాయ్ రాజకుటుంబపు ఘట్టాలను చిత్రించిన మరికొన్ని బెల్జియం తెరలను ముక్కలుగా కోసి, పలు రథాలకు అమర్చుకున్నారు. కోయి, నివతోరి రథాల మీద ఉన్నవి వాటిలో ప్రసిద్ధమైనవి.

భారతదేశపు నేత కూడా ఈ సంపదలో ఉంది. చంద్రుని పేరు గల త్సుకి రథం ముందు వేలాడే తివాచీ 17వ శతాబ్దపు మొఘల్ కాలానిది. వేరే కొన్ని రథాల తివాచీల నేతను, రంగులను పరిశీలించిన నిపుణులు వాటిని దక్కన్‌లో నేసినవిగా గుర్తించారు. దక్కన్ తివాచీల చరిత్రకు క్యోటో వీధి సంఘాల పెట్టెలు ఇప్పుడు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. జపాన్ తన ఓడరేవులను మూసుకున్న కాలంలో యూరోపియన్లలో డచ్చివారికి మాత్రమే, అదీ నాగసాకిలోని దెజిమా దీవిలో మాత్రమే, వర్తకానికి అనుమతి ఉండేది. అదే డచ్ ఈస్టిండియా కంపెనీకి 17వ శతాబ్ది ఆరంభం నుంచి మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉంది. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు ఆ ఓడలలోనే తూర్పు దేశాలకు తరలి, జపాన్‌లో సరసా అనే పేరుతో ఆదరణ పొందాయి. శతాబ్దాల ఎండకు, వానకు, దుమ్ముకు ఈ బట్టలు శిథిలమవుతుండటంతో, ఇటీవలి దశాబ్దాలలో వాటికి అచ్చుగుద్దినట్టు కొత్త నేతలు చేయించి రథాలకు కట్టి, అసలు వాటిని ప్రదర్శనశాలలలో భద్రపరుస్తున్నారు.

జూలై నెల నడక

ఉత్సవం ఆలయంలోనూ, వీధి సమావేశ మందిరాలలోనూ జరిగే చిన్న పూజలతో జూలై 1న మొదలవుతుంది. 2న నగరపాలక భవనంలో మేయర్ సమక్షంలో చీట్లు తీసి రథాల వరుసను నిర్ణయిస్తారు. నగినత హోకోకు మాత్రం చీటీ అవసరం లేదు. పొడవైన పిడికి వంపు కత్తి అమర్చిన నగినత అనే ఆయుధాన్ని శిఖరాన ధరించే ఆ రథం ఎప్పుడూ ముందే నడుస్తుంది. 10వ తేదీ రాత్రి మికోషి, అంటే దేవుని పల్లకీ, షిజో వంతెన మీదకు వచ్చి కమో నది నీటితో శుద్ధి చేయబడుతుంది. అదే రోజు నుంచి వీధులలో రథాలు కట్టడం మొదలై, 14 నుంచి 16 దాకా యోయియమ అనే సాయంకాలపు వేడుకలు సాగుతాయి. రథాల ముందు కాగితపు లాంతర్లు అంచెలంచెలుగా వెలుగుతాయి, వాద్యకారులు రథం మీద కూర్చుని వాయిస్తారు, చిమాకి అమ్మే పిల్లలు రాగం తీసి పాడుతూ కొనమని పిలుస్తారు. పాత వర్తక కుటుంబాలు ముందరి గదుల జాలీలు తొలగించి, తమ ఇంటి చిత్రపు తెరలను, పట్టు వస్త్రాలను బాటసారులు చూసేలా పరుస్తాయి. దీనికి తెరల పండుగ అని వేరే పేరు.

నగినత హోకో మీద చిగో అనే బాలుడు దైవప్రతినిధిగా కూర్చుంటాడు. పూర్వం అనేక రథాల మీద ఇలా పిల్లలు కూర్చునేవారు. ఇప్పుడు మిగతా హోకోల మీద బొమ్మలే ఉన్నాయి. సాధారణంగా పదేళ్లలోపు వయసు గల ఈ బాలుడు 13న గుర్రమెక్కి ఆలయానికి వెళ్లి దైవత్వాన్ని పొందాడని భావిస్తారు. అప్పటి నుంచి ఊరేగింపు ముగిసే దాకా బయట అతని పాదాలు నేలకు తాకకూడదు గనుక ఒక బలిష్ఠుడు భుజాన మోసి రథం ఎక్కిస్తాడు.

17వ తేదీ ఉదయం 9 గంటలకు 23 రథాలు షిజో వీధిలో బయలుదేరుతాయి. దారికి అడ్డంగా కట్టిన పవిత్రమైన గడ్డి తాడును చిగో ఒకే వేటుతో కత్తితో తెంపడంతో దైవలోకపు హద్దు తెరుచుకుంటుంది. కొంత దూరంలో పాత కాలపు న్యాయాధికారి పాత్రలో నిలిచిన మేయర్ ముందు చీటీ తీసిన ప్రతి వీధి ప్రతినిధి, కొన్నిచోట్ల ఒక చిన్న పిల్లవాడు, ఆగి తన వరుస చీటీని చూపాలి. చీటీ ఉన్న పెట్టెకు కట్టిన తాడును చేత్తో విప్పకూడదు. విసనకర్ర కొసతో ముడిని తప్పించి, మూత తీసి, చీటీని విసనకర్ర మీదుగానే చూపించి, తిరిగి అలాగే మూసి, ఒక్క ఊపులో విసనకర్ర తెరిచి వెనుక ఉన్న రథాన్ని రమ్మని పిలుస్తాడు. పిల్లవాడు తడబడకుండా ఇంత పని ముగించినప్పుడు జనం చప్పట్లు కొడతారు.

ఊరేగింపులో కష్టమైన ఘట్టం త్సుజిమవాషి, అంటే కూడలి మలుపు. హోకో ఇరుసులు కదలకుండా బిగించి ఉన్నందున చక్రాలు పక్కకు తిరగవు. కూడలిలో రథాన్ని ఆపి, ముందు చక్రాల కింద చీల్చిన పచ్చి వెదురు బద్దలు పరిచి, వాటి మీద బకెట్లతో నీళ్లు గుమ్మరిస్తారు. రథం ముందు నిలిచినవారు ఎన్‌యారయా అని కేక వేసి విసనకర్రలు ఊపగానే, మోకులు పక్కకు పట్టిన వారంతా ఒక్కసారిగా లాగుతారు. 12 టన్నుల కట్టడం తడి వెదురు మీద కిర్రుమంటూ జారి కొంత కోణం తిరుగుతుంది. మూడు నాలుగు లాగుళ్లకు గాని రథం పూర్తిగా పక్క వీధికి మళ్లదు. పైకప్పు మీద నిలబడ్డ నలుగురు రథం కొసలు కరెంటు తీగలకు, ఇళ్ల చూరులకు తగలకుండా కాళ్లతోనూ చేతులతోనూ కాచుకుంటారు. వేణువు, డోలు, చేగంట కలిసిన వాద్యం ఆలయం వైపు సాగినంతసేపూ విలంబితంగా ఉండి, కవారమాచి కూడలిలో మలుపు తిరిగిన తరువాత వేగం అందుకుంటుంది. చేగంట మోతను అనుకరిస్తూ ఈ వాద్యాన్ని క్యోటోవాసులు కొన్‌చికిచిన్ అని పిలుచుకుంటారు.

చూడవచ్చే వారి దృష్టి రథాల మీద ఉన్నా, శాస్త్రం ప్రకారం రథాలు వీధులను శుద్ధి చేసే ముందు నడక మాత్రమే. అసలు దైవకార్యం ఆ సాయంత్రం జరుగుతుంది. సుసానో, ఆయన భార్య కుషినద, వారి ఎనిమిది మంది సంతానం అధివసించిన మూడు పల్లకీలను వందల మంది భుజాలకెత్తుకుని షిజో వీధిలోని విడిది మందిరానికి చేరుస్తారు. దేవతలు అక్కడ వారం రోజులు ఉండి, 24న తిరుగు ప్రయాణమవుతారు. ఆ రోజు ఉదయం మిగిలిన 11 రథాల మలి ఊరేగింపు జరుగుతుంది. నెల చివరి రోజున ఆలయ ప్రాంగణంలో సోమిన్ షోరాయి గుడి ముందు నిలిపిన గడ్డి వలయంలోంచి భక్తులు నడిచి వెళ్లడంతో ఉత్సవం ముగుస్తుంది.

ఈ నెలలో క్యోటో వంటింట్లో హమో అనే పాములాంటి సముద్రపు చేపది పెద్ద పీట. సముద్రానికి దూరమైన నగరానికి నడివేసవిలో ప్రాణంతో చేరగల మొండి చేప ఇదొక్కటే కావడంతో పండుగకు హమో మత్సురి అనే పేరు కూడా వచ్చింది. దాని సన్నని ముళ్లను తీయడం సాధ్యం కాదు గనుక, చర్మం తెగకుండా 3 సెంటీమీటర్ల మేర ఇరవైకి పైగా గాట్లు పెట్టి ముళ్లను నుగ్గు చేసే నేర్పు వంటవానికి గీటురాయి. దోసకాయను మాత్రం ఆచారం పాటించే భక్తులు జూలైలో ముట్టరు. అడ్డంగా కోసిన దోసచక్రం ఆలయ ముద్రను పోలి ఉంటుందని కారణం చెబుతారు.

కాలిపోయినవి, తిరిగి వచ్చినవి

క్యోటోను 1708, 1788, 1864లలో దహించిన మూడు మహా అగ్నిప్రమాదాలలో అనేక రథాలు బూడిదయ్యాయి. రథం కాలిపోయినా వీధివారు పండుగ మానలేదు. మంటల నుంచి దక్కిన దేవతామూర్తిని, బట్టలను యోయియమ రాత్రులలో అలంకరించి పూజిస్తూ, రథం లేని రథ వీధిగా తమ పేరు నిలుపుకున్నారు. 1864లో కాలిన కికుసుయి హోకో 1952లో తిరిగి లేచింది. గొల్లభామ రథం 1981లో ఊరేగింపులో చేరింది. అదే 1864 మంటల్లో పోయిన పెద్ద పడవ రథం సరిగ్గా 150 ఏళ్లకు 2014లో వీధికెక్కింది. 1826లో గాలివానకు దెబ్బతిని ఊరేగింపు నుంచి తప్పుకున్న తక యమ 2022లో, 196 ఏళ్ల తరువాత, తిరిగి నడిచింది.

కాలం తెచ్చిన ఒత్తిళ్లు వేరే రకానివి కూడా ఉన్నాయి. పాత చాంద్రమాన పంచాంగం ప్రకారం ఆరో నెల 7, 14 తేదీలలో జరిగే ఊరేగింపులు కొత్త కేలండరు వచ్చాక 1877లో జూలై 17, 24లకు స్థిరపడ్డాయి. మెయిజీ కాలంలో కలరా వ్యాపించిన కొన్ని ఏళ్లలో ఊరేగింపు వాయిదా పడింది. 1943 నుంచి 1946 దాకా యుద్ధం వల్ల ఆగింది. 1962లో షిజో వీధి కింద రైలు సొరంగం తవ్వుతున్నందున జరగలేదు. రాకపోకల రద్దీ, పర్యాటకుల సౌకర్యం దృష్ట్యా 1966లో రెండు ఊరేగింపులను 17వ తేదీకే కలిపివేశారు. దేవతలు తిరిగి వెళ్లే రోజున రథాలు లేకపోవడం సంప్రదాయానికి విరుద్ధమనే వాదన బలపడి, 2014లో మలి ఊరేగింపును 24వ తేదీకి పునరుద్ధరించారు. తెగులును తరిమేందుకు పుట్టిన ఈ ఊరేగింపు 2020, 2021లలో కోవిడ్ మూలంగానే రద్దయింది. 2020లో పల్లకీల బదులు, దేవతలను ఆవాహన చేసిన పవిత్ర వృక్షపు కొమ్మను తెల్లగుర్రం మీద విడిది మందిరానికి తీసుకువెళ్లి, దైవకార్యం ఆగలేదనిపించారు.

నగరం నడిబొడ్డున జనాభా తగ్గడం నేటి పెద్ద సమస్య. పట్టువస్త్రాల టోకు దుకాణాలు మూతపడి, పాత ఇళ్ల స్థానంలో కార్యాలయాలు, బహుళ అంతస్తుల నివాసాలు లేచాయి. కొన్ని వీధులలో స్థిరనివాసులు కొద్దిమందే మిగిలారు. మోకులు లాగడానికి విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు వస్తున్నారు. కొత్త నివాసాలలో చేరిన కుటుంబాలను వీధి సంఘాలు రథ నిర్వహణలోకి ఆహ్వానిస్తున్నాయి. స్త్రీలు రథం ఎక్కరాదనే కట్టుబాటును కొన్ని వీధులు సడలించి వారిని వాద్యబృందంలో చేర్చుకోగా, నగినత హోకో వంటివి పాత నియమాన్నే పాటిస్తున్నాయి. ఏది మార్చాలో, ఏది నిలపాలో నిర్ణయించే అధికారం ఇప్పటికీ ప్రతి వీధి సంఘానిదే. జపాన్ ప్రభుత్వం 1962లో 29 రథాలను, 1979లో ఊరేగింపు సంప్రదాయాన్ని ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 2009లో యునెస్కో ఈ ఊరేగింపును తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ గుర్తింపులు నిధులను, ప్రతిష్ఠను తెచ్చాయి గాని, కాలిపోయిన రథాన్ని నూటయాభై ఏళ్ల తరువాత కూడా తమదేనని తలచి తిరిగి కట్టించినది వీధివారి పట్టుదలే.

అందువల్ల ఈ పండుగను చూడదలచిన పాఠకులు 17, 24 తేదీల ఊరేగింపులతోనే సరిపెట్టుకోకుండా, నాలుగైదు రోజులు ముందుగా వెళ్లి వీధులలో రథాలు కట్టే పనిని చూడటం మేలు. దానికి టికెట్టు లేదు. కట్టడం పూర్తయ్యాక, తొలి ఊరేగింపు రథాలకైతే 12, 13 తేదీలలో, హికిజోమె అనే తొలి లాగుడు జరుగుతుంది; స్త్రీలు, పిల్లలు, పొరుగూరివారు, విదేశీయులు అనే తేడా లేకుండా ఆ పూట వీధిలో ఉన్న ఎవరైనా మోకు పట్టి లాగవచ్చు.